నల్లదారము: అద్భుతకథలు తెర కెక్కిన తీరు

తపతీనదికి దక్షిణమున, సూరతు నగరములోని ఉధనా, లింబాయత్, పర్వత్ పాటియా వీథులలో పగలనక రాత్రియనక మరమగ్గముల చప్పుడు వినబడుచునే యుండును. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతముల నుండి తరతరములుగా వలసవచ్చిన మన పద్మశాలి కుటుంబములు ఆ చప్పుడు నడుమనే కాపురములు నిలుపుకొని, బిడ్డలను నగరపాలిక నడుపు తెలుగు బడులకు పంపుకొనుచు, నూలిపున్నమినాడు క్రొత్త జందెములు ధరించుచు, దారమే బ్రతుకుగా జీవించుచున్నవి. ఇదే నగరమున 1918లో జన్మించిన యొక మనుష్యుడు అదే దారముతో భారతీయ చలనచిత్రములందు అద్భుతమును సృష్టించెనను సంగతి మాత్రము మా వీథులలో చాలమందికి తెలియదు; నాకును చాలకాలము తెలియదు.

ఆయన పేరు బాబూభాయి మిస్త్రీ. 1937లో విజయ్ భట్ దర్శకత్వమున వెలువడిన 'ఖ్వాబ్ కీ దునియా' అను హిందీ చిత్రమునకు ఆయన మాయాదృశ్యములు కూర్చెను. దానికి ప్రేరణ, ఎచ్.జి. వెల్స్ 1897లో ప్రకటించిన అదృశ్యమానవుని నవలయు, ఆ నవలనే 1933లో హాలీవుడ్‌వారు తీసిన చిత్రమును. కంటికి కనబడని మనిషి వస్తువులను కదల్చుచున్నట్లు చూపవలసివచ్చినపుడు, నల్లని తెర ముందు నల్లని దారములు కట్టి ఆ వస్తువులను లాగుట ఆయన పన్నిన ఉపాయము. దానితో పరిశ్రమలో 'కాలా ధాగా', అనగా నల్లదారము, అను ముద్దుపేరు ఆయనకు స్థిరపడినది. తరువాత హోమీ వాడియా నిర్మించిన 'హాతింతాయి' (1956) వంటి చిత్రములలోని మాయలును ఆయన చేతిచలువయే. ఆ వాడియాల పూర్వులును సూరతువారే. ఇచ్చట ఓడలు కట్టుట నేర్చి బొంబాయికి పోయి ఆ విద్యచేతనే ప్రసిద్ధులైన వంశము వారిది.

వెల్సు నవలను శ్రద్ధగా చదివినవారికి ఒక విషయము స్ఫురింపక మానదు. ఆ శాస్త్రజ్ఞుని దేహము మాత్రమే అదృశ్యము. కట్టిన బట్ట కనబడును. కావున దాగవలెనన్న దిగంబరుడై తిరుగవలెను, చలికాలపు లండను వీథులలో గజగజ వణకవలెను. తిన్న తిండి ఒంట బట్టువరకు కడుపులో కనబడుచునే యుండును. మంచు మీద పడెనా ఆకారము బయటపడును. ఈ నిర్బంధములే లేకున్న అతడొక దేవత యగును, అతని కథ రెండు పుటలలో ముగియును. ఈ నిర్బంధమునకు మన భాషలో మంచి మాట యున్నది: కట్టడి. కట్టడి లేని మాయ మాయ కాదు. అద్భుతకథలను తెర కెక్కించుటను గూర్చి నేడు జరుగుచున్న వాదోపవాదములలో ఈ కట్టడి ప్రసక్తి రాకపోవుట నన్ను చాలకాలముగా బాధించుచున్నది.

ఆ వాదములు సాధారణముగా రెండు తెగలు. మూలకథలోని ప్రతి సంఘటనయు, ప్రతి పాత్రయు చిత్రమున నుండితీరవలెనని ఒక తెగవారు పట్టుబట్టుదురు. చదువుట వేరు, చూచుట వేరు కావున దర్శకుడు తన యిష్టమువచ్చినట్లు మార్చుకొనవచ్చునని రెండవ తెగవారు సమర్థింతురు. ఈ ఉభయులును కథయొక్క పైబట్టను చూచి మాటాడువారే. నేతగాడు గుడ్డను చేత బట్టగానే రంగును చూడడు. పడుగు ఎట్లున్నదని వ్రేలితో తడిమి చూచును. అద్భుతకథకు పడుగు దాని కట్టడి. సంఘటనలు పేక వంటివి. వానిని మార్చిన రంగు మారును, అంచు మారును, గుడ్డ నిలుచును. పడుగు తెగిన మగ్గమే ఆగవలెను.

బాలనాగమ్మ కథను తీసికొందము. బుర్రకథగా తెలుగునాట నలుమూలల మ్రోగిన కథ యది. మాయల ఫకీరు ఆమెను కుక్కగా మార్చి తన నాగళ్ళపూడి గట్టునకు గొనిపోవును. వెంటబడి వచ్చిన భర్తను శిలగా మార్చును. సైన్యములను సైన్యములనే రాళ్లుగా చేయును. ఇంతటి శక్తిమంతుడు, ఒంటరి స్త్రీ వ్రతమని చెప్పి గడువు పెట్టగా ఏండ్ల తరబడి ఆ గీత దాటలేక గుమ్మము బయట పడియుండును. అతని ప్రాణము ఏడు సముద్రముల కవతల ఒక చిలుకలో నున్నది. ఈ రెండే కట్టడులు. ఈ రెంటిని కదల్పక మిగిలిన కథను ఎవరెన్ని విధముల చెప్పినను అది బాలనాగమ్మ కథయే. 1942లో జెమిని సంస్థ తరఫున చిత్తజల్లు పుల్లయ్యగారు దీనిని చిత్రముగా తీసి, కాంచనమాలను బాలనాగమ్మగను, గోవిందరాజుల సుబ్బారావుగారిని ఫకీరుగను చూపినపుడు, ప్రేక్షకులు విభ్రాంతులైనది మంత్రదండము నుండి వెలువడు పొగను చూచి కాదని నా నమ్మకము. సుబ్బారావుగారి కన్నులలో క్రౌర్యముతోపాటు కాంక్షయు, ఆ కాంక్షకు అడ్డుగోడగా నిలిచిన ఒక్క మాటయు కనబడును. ఆ యేడే 'శాంత బాలనాగమ్మ' యను పోటీచిత్రము వెలువడుటయే ఆ కథకు జనహృదయమున గల స్థానమును తెలుపును.

ప్రాణమును వేరొక చోట దాచిన ఈ కల్పన మనకే సొంతము కాదు. 1931 మార్చి 14న బొంబాయిలో ప్రదర్శితమైన తొలి భారతీయ శబ్దచిత్రము 'ఆలం ఆరా'లో యువరాజు ప్రాణము ఒక చేప మెడలోని హారమునకు ముడిపడియుండును. ఆ హారమును సవతితల్లి ధరించినంతసేపు అతడు శవము, తీసి పెట్టిన రాత్రివేళ సజీవుడు. అది జోసెఫ్ డేవిడ్ రచించిన పార్సీ నాటకము. అందు నాయిక జుబేదా సూరతున జన్మించినది. ఈ నగరమునకు ఆనుకొనియున్న సచీన్ సంస్థానపు నవాబు ఆమె తండ్రి యని చెప్పుదురు. తల్లి ఫాతిమా బేగం. నేడు సచీన్ అనగా మావారికి గుర్తు వచ్చునది పారిశ్రామికవాడ, అందలి బట్టమిల్లులు. ఉదయమే డబ్బా చేతబట్టి సచీన్ బస్సెక్కు మనవారిలో ఎందరికి తెలియును, ఆ పేరుతో ముడిపడిన ఒక స్త్రీ 1926లో 'బుల్బులే పరిస్తాన్' అను అద్భుతచిత్రమునకు దర్శకత్వము వహించి భారతదేశమున ప్రథమ మహిళాదర్శకురాలైనదని? పరీలలోకపు కథను విశేషమైన ఖర్చుతో, తంత్రదృశ్యములతో ఆమె తీసినది. కుమార్తె జుబేదా అందు నటించినది. ఆ చిత్రముగాని 'ఆలం ఆరా'గాని నేడు చూడవలెనన్న ఒక్క అడుగు రీలు మిగులలేదు. జుబేదా తరువాత హైదరాబాదు ధన్‌రాజ్‌గిర్ వంశమున కోడలయ్యెను. 'ఆలం ఆరా'లో ఒక చిన్న వేషము వేసిన మన ఎల్.వి. ప్రసాద్, దాని దర్శకుడు ఆర్దేషిర్ ఇరానీ వద్ద పనిచేసి 'భక్తప్రహ్లాద'తో తెలుగునకు మాట నేర్పిన ఎచ్.ఎం. రెడ్డి, వీరందరి జీవితములు పెనవేసికొన్న తీరు చూచినచో సూరతునకును తెలుగు తెరకును దూరము మనమనుకొన్నంత లేదనిపించును.

చలనచిత్రము రాకమునుపే మావారికి చిత్రమాలిక యొకటి యుండెను. చేర్యాలలో నకాషీవారు చిత్రించు పటమును చూచినవారికి నేను చెప్పబోవునది సుబోధము. ఖద్దరుగుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, జిగురు కలిపి పట్టించి, అది ఆరి చర్మమువలె బిగిసిన పిదప, ఎఱ్ఱని నేపథ్యముపై గళ్లు గళ్లుగా కథను చిత్రింతురు. మూడడుగుల వెడల్పు, గజములకొలది నిడివి. పద్మశాలీల కులపురాణమును చెప్పు కూనపులివారు ఆ పటమును వ్రేలాడదీసి, ఒక్కొక్క గడిని విప్పుచు, కఱ్ఱతో చూపుచు, తామరతూడుల నుండి దారము తీసి దేవతలకు వస్త్రము నేసిన భావనాఋషి చరిత్రను రాత్రులకు రాత్రులు గానము చేయుదురు. విప్పని భాగము చుట్టియే యుండును. పిల్లలు వంగి వంగి క్రిందికి చూతురు గాని ఋషి పులినెక్కి రాక్షసునిపైకి పోవు గడి రావలసినపుడే వచ్చును. ఏ గడి ముందు, ఏ గడి వెనుక, ఏది ఎంతసేపు కన్నుల ముందు నిలువవలెను అను విచక్షణయే కదా నేటి ఎడిటరు చేయు పని. ఆ పటముపై ఒక్క బొమ్మయు కదలదు. అయినను చూచువారికి పులి కదలినట్లే యుండును.

ఇక అచ్చులోనికి వచ్చిన అద్భుతకథలలో తెలుగువారికి మహాసముద్రము వంటిది మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు'. రాజమహేంద్రవరపు ఈ పండితుడు పన్నెండు భాగములుగా కూర్చిన ఈ గ్రంథమునకు చట్టము మిక్కిలి సులభమైనది. మణిసిద్ధుడను యతి కాశీయాత్రకు పోవుచు ఒక గోపబాలకుని తోడు తీసికొనును. ప్రతి మజిలీయందును ఆ బాలకుడు ఏదియో యొక వింతను చూచి వచ్చి, దాని వృత్తాంతము చెప్పినగాని అడుగు ముందుకు వేయనని మారాము చేయును. యతి మణిప్రభావమున దాని పూర్వకథను తెలిసికొని చెప్పును. ఇందలి సూక్ష్మమును గమనింపుడు: వింత మొదట కనబడును, దాని కారణము తరువాత వినబడును, కారణము లేని వింత ఈ పన్నెండు భాగములలో నొక్కటియు లేదు. దీక్షితులుగారి శైలి నేటి బాలురకు కఠినము కావచ్చును, కథలో కథ, అందు మఱియొక కథ వచ్చి దారి తప్పించుటయు కలదు. కాని కట్టడి విషయమున ఆయన లెక్క ఎన్నడును తప్పలేదు.

ఈ కథాసముద్రము నుండి మన తెర కందిన రత్నములలో 'పాతాళభైరవి' అగ్రగణ్యము. 1951లో విజయా సంస్థకు నాగిరెడ్డి, చక్రపాణిగారలు నిర్మాతలుగా, కదిరి వెంకటరెడ్డిగారు దర్శకులుగా, పింగళి నాగేంద్రరావుగారు రచయితగా, మార్కస్ బార్‌ట్లీ ఛాయాగ్రాహకుడుగా, ఘంటసాల సంగీతమున తెలుగు, తమిళములలో ఏకకాలమున తీసిన ఈ చిత్రము 1952లో మన దేశమున జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమునందును ప్రదర్శితమైనది. దీనియందు అల్లావుద్దీను కథాచ్ఛాయలు కలవని అందరును ఎఱుగుదురు. ఆ కథ పుట్టుకయు విచిత్రమైనదే. అరబ్బీ వ్రాతప్రతులలో లేని ఆ కథను 1709లో అలెప్పో నుండి పారిసుకు వచ్చిన హన్నా దియాబ్ అను యువకుడు చెప్పగా ఆంత్వాన్ గలాన్ ఫ్రెంచి భాషలో తన వేయిరాత్రుల సంపుటములలో చేర్చెను. ఒకరి నోటి నుండి ఇంకొకరి కలమునకును, కలము నుండి తెరకును ప్రయాణించుట ఇట్టి కథలకు సహజధర్మము. మూలము మూలమని మిక్కిలి పట్టుబట్టువారు దీనిని స్మరింపవలెను.

కాని అల్లావుద్దీను కథలో ఒక లోటున్నది. దీపము అతనికి దక్కుట అదృష్టము చేత. ఆ దీపభూతమునకు అడ్డు ఆపు లేదు, అడిగినదెల్ల తెచ్చిపెట్టును. సోమరిపోతు బాలుడు రాజభోగముల ననుభవించుటలో వినోదము కలదు గాని ఉద్వేగము తక్కువ. పింగళివారును కె.వి. రెడ్డిగారును చేసిన ఘనకార్య మేమనగా, ఆ అదృష్టమును తీసివేసి దాని చోట ఒక వెలను నిలిపిరి. పాతాళభైరవి ప్రసన్న కావలెనన్న సాహసవంతుడైన యువకుని బలి యీయవలెను. ఆ వెల చెల్లించుటకు నేపాళమాంత్రికుడు తోటమాలి కొడుకైన రాముని వెదకి పట్టును. రాజు కూతును వలచి, రాజుతో సమానమైన సంపద తెచ్చి చూపవలసిన రాముడు అతని వెంట నడచును. ఇద్దరికిని ఒకే గుహ, ఒకే విగ్రహము. ఒకరి తల తెగవలెను. అంతవరకు జరిగిన కథ యంతయు, కొలనులో మొసలితో పెనుగులాటయు, శాపవిముక్తయైన దివ్యస్త్రీ చెప్పిన హెచ్చరికయు, ఆ ఒక్క కట్టడి వైపే ప్రేక్షకుని నడిపించును. మాంత్రికుడే బలియైనపుడు నియమము తప్పలేదు, మనిషి మాత్రమే మారినాడు. ఆ విగ్రహము కూడ ఎవరి చేతనున్న వారికే లొంగును, రాముడు మంచివాడని అతనిని పక్షపాతముతో కాపాడదు. కనుకనే సంజీవనిచే బ్రతికి లేచిన మాంత్రికుడు దానిని అపహరించినపుడు మనకు గుండె జల్లుమనును. ఎస్.వి. రంగారావుగారి గంభీరకంఠమును, ఎన్.టి. రామారావుగారి నవయౌవనమును పొగడని తెలుగువాడు లేడు, పొగడదగినవే. అయినను వారిద్దరి కాళ్లక్రింద గట్టినేల పఱచినవాడు పింగళి నాగేంద్రరావు.

పింగళి, కె.వి. రెడ్డిగారల జంటయే అంతకుముందు 1949లో షేక్స్పియర్ లియరు రాజు కథను 'గుణసుందరి కథ'గా మన ముంగిట నిలిపినది. తరువాత 1961లో 'జగదేకవీరుని కథ' తీసినది. ఇది 1944 నాటి తమిళచిత్రము 'జగదలప్రతాపన్' ననుసరించినది. ఆ కథ దక్షిణదేశమున అంతటను వ్యాపించినదే. దేవకన్య జయంతి భూలోకమున కోడలై యుండుట ఆమె దివ్యమైన చీర భర్త యింట దాగియున్నంతవరకే. చీర చేతికి వచ్చిననాడు ఆమె పైలోకమునకు పోవును. చీరలకు పుట్టిల్లయిన ఈ సూరతున కూర్చుండి ఆ ఘట్టమును తలచుకొన్నప్పుడెల్ల నా మనస్సు కలగిపోవును. పిడికెడు బట్టలో ఒక సంసారము నిలిచియున్నది! ఆ చిత్రమున కథానాయకుడు తానే గాయకుడును తానే వాద్యకారులును అయి ఐదు రూపములతో కనబడు ప్రసిద్ధ దృశ్యమును, కంప్యూటరు లేని దినములలో, కెమెరాకంటిలో కొంతభాగము మూసి చిత్రించి, ఫిల్మును వెనుకకు త్రిప్పి, మిగిలిన భాగమును మరల మరల చిత్రించు పద్ధతిలో సాధించిరి. ఒక్క గీత చెదరిన పనియంతయు వ్యర్థము. అయినను ఆ దృశ్యము నేటికిని నిలిచియుండుట ఆ నేర్పు వలన మాత్రమే కాదు. పాటకు శిల కరుగవలెను, కరుగనిచో ప్రాణహాని. అందుచేతనే ఐదు రూపములును అవసరమైనవి.

గులేబకావళి కథ పారశీకమున పుట్టి, ఉర్దూ నేర్చి, బజారు పుస్తకములుగా దేశమంతయు తిరిగినది. దక్షిణ గుజరాత్ వాడైన కాంజీభాయి రాథోడ్ 1924లోనే దీనిని మూగచిత్రముగా తీసెను. అంధుడైన తండ్రికి చూపు తెచ్చు పుష్పమునకై కొడుకు పోవుట, దారిలో పాచికలాటలో రాజపుత్రులను దాసులుగా చేసికొను వారకాంత, ఆమె పిల్లి తలపై దీపము, ఆ దీపపు నీడలో పాచికను త్రిప్పివేయు ఎలుక! మాయ యని లోకము భ్రమించునది మోసమని తెలియుటయు, ముంగిస నొకదానిని చేతిలోనికి తెచ్చికొని నాయకుడు ఆటను గెలుచుటయు ఎంత చక్కని కల్పన! 1962లో ఎన్.టి. రామారావుగారు స్వీయదర్శకత్వమున తీసిన 'గులేబకావళి కథ' సి. నారాయణరెడ్డిగారిని సినీకవిగా పరిచయము చేసిన చిత్రముగా చరిత్రలో నిలిచినది. పాటలు అమృతతుల్యములు.

బి. విఠలాచార్యగారిని విమర్శకులు చిరకాలము చిన్నచూపు చూచిరి. అది అన్యాయము. అల్పమైన పెట్టుబడితో, వాడిన సెట్టింగులనే మరల వాడుకొనుచు, 'బందిపోటు' (1963) మొదలు 'జగన్మోహిని' (1978) వరకు పల్లెటూరి టూరింగు టాకీసులకు జనమును రప్పించిన దర్శకుడాయన. ఆయన చిత్రములలో దయ్యము పొయ్యిలో కాళ్లు పెట్టి వంట చేయును. చూచిన పిల్లలు ఇంటికి వచ్చి అమ్మ వంట చేయుచుండగా కాళ్లవైపు చూతురు. ఇంటిలోని నిత్యవస్తువును వింతగా మార్చు ఆ చూపు సామాన్యమైనది కాదు. అయితే ఒక చిత్రమున పండిన తంత్రమును తరువాతి చిత్రములన్నిటను వాడుటచేత, అది ఏ కథకును చెందని అలంకారమై, రానురాను మాయలు ఎక్కువై కట్టడులు తక్కువైనవను మాట ఒప్పుకొనక తప్పదు.

ఇతరదేశములందును ఇదే పరీక్ష పెట్టి చూడవచ్చును. ఫ్రాంక్ బామ్ 1900లో వ్రాసిన ఓజ్ మాంత్రికుని కథలో బాలికవి వెండిచెప్పులు. 1939 చిత్రమున, క్రొత్తగా వచ్చిన రంగుల పద్ధతిలో మెఱయుటకై అవి కెంపుచెప్పులైనవి. ఇది పేకరంగు మార్చుట. ఎవరికిని నష్టము లేదు. కాని నవలలో నిజముగా జరిగిన యాత్రను చిత్రమున బాలిక కన్న స్వప్నముగా ముగించుట నాకు రుచింపదు. కలలో కట్టడి లేదు గదా. మేల్కొన్నచో ఏ వెలయు చెల్లింపకయే అంతయు తీరిపోవును. జర్మను రచయిత మైకేల్ ఎండే 1979లో వ్రాసిన ముగింపులేని కథ యను నవలలో, అద్భుతలోకమున బాలుడు కోరు ఒక్కొక్క కోరికకు అతని జ్ఞాపకములలో నొకటి చెల్లిపోవుచుండును. చివరకు తన పేరునే మఱచిపోవును. 1984 చిత్రము నవలలో తొలిసగముతోనే ఆగిపోయి, ఈ వెలను వదలివేసినది. రచయిత తన పేరును చిత్రము నుండి తొలగింపుమని కోరుట మొండితనమని కొందరనిరి. ఇంటి దూలమును తీసివేసి గోడలకు సున్నము వేసినవారిపై ఆ యింటివాడు కోపింపడా? దీనికి భిన్నముగా, టోల్కీన్ 1954-55లలో ప్రకటించిన ఉంగరముల మహాకథను పీటర్ జాక్సన్ 2001 నుండి 2003 వరకు మూడు చిత్రములుగా తీసినపుడు, ఉంగరమునకు లొంగని టామ్ బాంబడిల్ అను పాత్రను పూర్తిగా విడిచిపెట్టెను. పాఠకులు నొచ్చుకొనిరి. కాని ఆ ఉంగరమును మేలుకై వాడినను కీడే జరుగునను కట్టడి మూడు చిత్రములలోను చెక్కుచెదరలేదు. పాత్ర పోయినను కథ నిలిచినది.

మన యిటీవలి కాలమున కె.వి. రెడ్డిగారి శిష్యుడు సింగీతం శ్రీనివాసరావుగారికి ఈ మర్మము తెలియును. 1991లో 'ఆదిత్య 369' తీయునపుడు వెల్సు 1895లో వ్రాసిన కాలయంత్రపు నవల నుండి ఆయన కథను తీసికొనలేదు, యంత్రమును మాత్రము తీసికొని కృష్ణదేవరాయల కొలువునకు నడిపించెను. నవలలో యాత్రికుడు పోవునది లక్షలయేండ్ల భవిష్యత్తునకు. తెలుగువాని కోరిక వేరు, వానికి ఒక్కసారి భువనవిజయమును చూడవలెనని యుండును. మన ఆకలి నెఱిగి వడ్డించుట అనగా నిదియే. 1994 నాటి 'భైరవద్వీపము'న కథానాయకుడు పరులకై తన సుందరరూపమును వదలుకొని కురూపియగును, వెల చెల్లినది. రాజమౌళి 'బాహుబలి' (2015, 2017) ఏ నవలకును అనుసరణము కాకపోయినను ఈ వరుసలో చెప్పక తప్పదు. జలపాతములను, కోటలను కంప్యూటరుతో నిర్మించిన ఆ చిత్రము రెండేండ్లు దేశమును ఊగించినది ఆ జలపాతములచేత కాదు. సింహాసనమునకు బానిసగా మాటయిచ్చిన వంశమువాడు కట్టప్ప ఆ మాటకు బద్ధుడై చేసిన పనిచేత. కట్టడి మనుష్యరూపమున వచ్చినది.

ఈ మధ్య నొక రాత్రి మా వీథిలోని పెద్దాయన యింట కూర్చుండగా, మనుమడు తన ఫోనులో క్రొత్తగా వచ్చిన అద్భుతచిత్రము నొకదానిని పెట్టెను. ఆయన సిరిసిల్ల వైపు నుండి ఏబది యేండ్ల క్రితము వచ్చినవాడు. కుడిచేతి బొటనవ్రేలును చూపుడువ్రేలును తెగిన పోగులు ముడివేసి ముడివేసి నున్నబడి గాజువలె నున్నవి. తెరపై పర్వతములు ఎగురుచున్నవి, నగరములు కూలి మరల లేచుచున్నవి. పావుగంట చూచి ఆయన ఫోనును మనుమని చేతిలో పెట్టి నాతో నిట్లనెను: "సారూ, గీండ్ల ఏదన్న అయితది గదా. సచ్చినోడు లేస్తడు, కూలిన కోట నిలవడ్తది. ఇగ నాకు భయమెందుకైతది?" ఇన్ని పుటలలో నేను చెప్పదలచినది ఆయన ఒక్క మాటలో చెప్పివేసెను. బాబూభాయి మిస్త్రీకి కష్టమేమనగా దారము బరువు మోయవలెను, కాని కంటికి కనబడరాదు. నేటివారికి ఆ మొదటి భయము లేదు, కంప్యూటరు ఎంత బరువునైనను మోయును. దానితో దారమే అక్కఱలేదని భ్రమపడుచున్నారు.

తెర కెక్కవలసిన సొత్తు మనకు కొదువ లేదు. 1947లో చక్రపాణి, నాగిరెడ్డిగారలు ప్రారంభించిన 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యంగారు వ్రాసిన 'తోకచుక్క', 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు' వంటి ధారావాహికలు చిత్రాగారి బొమ్మలతో మూడు తరముల బాలురను నిద్రపోనీయలేదు. నెలకొక భాగము వ్రాయువాడు గనుక ప్రతి భాగమును ఒక అంచుమీద ఆపవలెను. అట్లు ఆపుటకు అపాయము నిజము కావలెను. అపాయము నిజము కావలెనన్న మాంత్రికుడు చేయజాలని పని యొకటి యుండవలెను. ఆ కథలకు చిత్రానువాదము సగము అప్పటికే జరిగియున్నది. వానిని చేపట్టువారు ముందుగా దృశ్యముల పట్టిక వ్రాసికొనక, ఎవరు ఏమి చేయజాలరో ఆ పట్టిక వ్రాసికొనవలెనని నా విన్నపము.

ఆ రాత్రి ఫోను మూసిన పిదప మనుమరాలు కథ చెప్పుమని పెద్దాయనను పట్టుకొన్నది. ఆయన బాలనాగమ్మ కథ మొదలుపెట్టెను. ప్రక్కగదిలోని మరమగ్గముల చప్పుడుపై గొంతు నిలిపి, ఫకీరు గట్టును, శిలలైన సైన్యమును, వ్రతపు గడువును దాటించి, చిలుక యున్న చోటును ఫకీరే బాలనాగమ్మకు చెప్పుట వరకు వచ్చునప్పటికి రాత్రి షిఫ్టుకు వేళ అయినది. ఆయన లేచి చొక్కా తొడుగుకొనుచుండగా ఆ పిల్ల అడ్డుతగిలి, "చెప్తే సచ్చిపోతడని ఎర్క గదా తాతా, మల్ల ఎందుకు చెప్పిండు?" అని అడిగినది.

ఆయన గుండీలు పెట్టుకొనుట ఆపి, ఆ పిల్ల మొగమువైపు చూచి, "ఆమె అడిగింది గద బిడ్డా," అనెను.